వెనక చక్రం తడి

దోల్‌మోరు
13 ఆగస్టు 1983

తమ్ముడు పిల్‌గుకి,

అక్క బున్‌నే రాస్తోంది. ఇక్కడ ఇద్దరం బాగానే ఉన్నాం. అమ్మ తింటోంది, తిడుతోంది, రెండూ వేళ తప్పకుండా జరుగుతున్నాయి. నీ దగ్గు ఎలా ఉంది? ఆ ఆసుపత్రిలో పొద్దున చేపలు, రాత్రి చేపలు అని ఏడ్చావు. చేపలు తింటే ఊపిరితిత్తులు గట్టిపడతాయని అమ్మ నమ్మకం. కాబట్టి మూతి ముడుచుకోకుండా తిను.

క్యాబేజీ ఈ ఏడు బాగా చుట్టుకుంది. ఇంకో మూడు వారాల్లో కోతలు. కోతకొచ్చాక రెండు రోజులు ఆలస్యమైతే చేలోనే ఉడికిపోతుంది, నీకు చెప్పక్కర్లేదు.

అసలు సంగతి నువ్వు అప్పగించి వెళ్ళిన నీలం పికప్‌ది. బ్రేకు తొక్కితే కాలు మునుపటికంటే లోతుకు పోతోంది. మొన్న ముల్లంగి వేసుకుని కనుమ దిగుతుంటే మూడో మలుపులో బండి ఎడమకి లాగింది. ఎడమ పక్క ఏముందో నీకు తెలుసుగా. ఎలాగో తిప్పుకుని కాంగ్‌నుంగ్ మార్కెట్‌లో ముల్లంగి దించాను. అమ్మకి చెప్పలేదు.

అక్కడ షాపులో చూపిద్దామంటే సామాను తెప్పించాలి, వారం బండి వదిలిపెట్టు అంటారు. వారం వదిలితే ఇక్కడ పని నా వీపు మీద మొయ్యాలా? కొండ మీద ఉన్న ఒకే ఒక్క మెకానిక్ మాసాన్‌లో మంచం ఎక్కి పడుకున్నాడు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నీ అక్క

మాసాన్
18 ఆగస్టు

అక్కా,

ఉత్తరం పొద్దున అందింది. మూడుసార్లు చదివాను. పక్క మంచం ముసలాయన "ఏం కుర్రాడా, పెళ్ళి సంబంధమా?" అన్నాడు. కాదు తాతా, నా బండికి జ్వరం అన్నాను.

ముందు ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. కనుమ దిగేటప్పుడు డీజిలు మిగులుతుందని గేరు తీసేసి జారనిస్తున్నావా? కొండ మీద సగం మంది చేసే పాపం ఇదే. కిందిదాకా బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగితే డ్రమ్ములు పెనంలా కాలిపోతాయి, కాలిన బ్రేకు పట్టదు.

అది కాదంటే ఇలా చెయ్యి. బండి చదునైన చోట ఆపి, పెడల్ గట్టిగా తొక్కిపట్టి వంద లెక్కపెట్టు. కాలి కింద నిలబడిందా, మెల్లగా పాకుతూ కిందికి పోయిందా? తర్వాత టకటకా నాలుగుసార్లు కొట్టు. పైకి లేచిందా? తెల్ల డబ్బాలో బ్రేకు ఆయిలు ఏ గీత దగ్గరుంది? అన్నిటికంటే ముఖ్యం, నేల మీద పడుకుని నాలుగు చక్రాల లోపలి వైపు చూడు. ఎక్కడైనా తడి ఉందా?

ఈ చివరిది తేలిగ్గా తీసుకోకు. మనది పాత బండి. నాలుగు చక్రాలకీ ఆయిలు దారి ఒకటే. ఒక్కచోట కారి ఖాళీ అయితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. చెప్పి పోవు.

నీ జవాబు వచ్చేదాకా కనుమ దిగొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

పిల్‌గు

దోల్‌మోరు
24 ఆగస్టు

పిల్‌గూ,

గేరు తీసి జారేదాన్నా నేను? నాకు బండి నేర్పింది నువ్వే కదా, ఆ మాట అడగడానికి నోరెలా వచ్చింది? మీ బావ చనిపోయిన ఏడాది చలిలో, మంచు మీద, నా పక్కన కూర్చుని "రెండో గేరు అక్కా, రెండో గేరు" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు. అప్పటినుంచీ రెండో గేరులోనే దిగుతున్నాను. వెనక బళ్ళవాళ్ళు హారన్ కొట్టి బూతులు తిడుతున్నా రెండో గేరే.

సరే, నువ్వు చెప్పిందంతా చేశాను. పెడల్‌కీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళు ఉండేవి, ఇప్పుడు రెండే. తొక్కిపట్టి లెక్కపెడితే నలభై దాకా బాగానే నిలబడింది, తర్వాత కూర్చుని కునికే ముసలమ్మ తలలా మెల్లగా వాలిపోయింది. టకటకా కొడితే లేచింది. డబ్బాలో ఆయిలు కింది గీత కంటే తక్కువుంది. నువ్వు కొట్టంలో దాచిన డబ్బాతో పై గీత దాకా నింపాను.

తడి ఉంది, కుడివైపు వెనక చక్రం లోపలి పక్క. గాభరా పడకు. నిన్న పౌర్ణమి. అమ్మ ఎప్పటిలాగే బండికి మొక్కింది. లోపల దిష్టికి వేలాడదీసిన ఎండు చేపకి కొత్త తెల్లదారం చుట్టి, బియ్యపు కల్లు కూజా పట్టుకుని "మా బున్‌నేని క్షేమంగా తిప్పు తండ్రీ" అని గొణుక్కుంటూ చక్రాలకి పోసింది. ఆ తడే.

గాలివానకి ఊరిపెద్ద చో గారింటి ఫోను తీగ తెగిపోయింది. కోతల పండగ దాకా బాగుచేసేవాడు రాడట. ఇంకో సంగతి, రాయాలనిపించడం లేదు గానీ రాస్తున్నాను. మన ఊరి కుర్రాడు మాన్‌బొక్, బొగ్గు గనిలో పనిచేస్తూ పోయాడు. ఊరి మైకులో చో గారు "మాన్‌బొక్ వాళ్ళమ్మా, మీకు టెలిగ్రాం వచ్చింది, వచ్చి తీసుకోండి" అన్నాడు, అంతే. ఆమె చేలోనే కూలబడిపోయింది. మన ఊరికి టెలిగ్రాం చావుకి తప్ప ఎప్పుడొచ్చింది? అప్పట్నుంచి మైకు గరగరమంటే చాలు, అమ్మ చేతిలో కొడవలి కింద పడేస్తోంది.

కనుమ దిగొద్దన్నావు. ఒక్కసారే దిగాను.

అక్క

మాసాన్
29 ఆగస్టు

అక్కా,

ఒక్కసారే దిగాను అంటావా? ఒక్కసారికి లోయ నిన్ను వదిలేస్తుందా?

తిట్టడం ఆపుతాను. పక్క మంచం తాత "రోగివి, ఆవేశం పనికిరాదు" అంటున్నాడు. నిజం చెప్పాలంటే తడి కల్లుదేనని చదివాక గుండెల మీంచి బండ దించినట్టయింది. చక్రాల దగ్గర కారకుండా పెడల్ వాలిపోతోందంటే, జబ్బు పైన, ఆయిలుని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండరులో ఉంది. లోపలి రబ్బరు అరిగి, ఆయిలు ముందుకు పోకుండా వెనక్కి జారుతోంది. అది చెడ్డదే గానీ ఒక్కసారిగా చంపేది కాదు. తొక్కగానే పట్టకపోతే టకటకా కొట్టు, పడుతుంది. నా పాత షాపులో సంగ్‌చిల్‌కి రాశాను, కొత్త రబ్బర్లు పార్సెల్ చేస్తాడు. ఎలా వెయ్యాలో బొమ్మ గీసి పంపుతాను. ఎడమకి లాగడం మటుకు నాకు అర్థం కావడం లేదు. కుడి పక్క బ్రేకు షూ వదులై ఉండొచ్చు.

ఒకవేళ, నోటితో అనడం కూడా ఇష్టం లేదు, కనుమలో పెడల్ పూర్తిగా పోతే ఇది గుర్తుపెట్టుకో. ఇంజను ఆపకు. రెండోది నుంచి ఒకటో గేరుకి దింపు, బండి అరిచినా సరే. హ్యాండ్ బ్రేకు ఒక్కసారిగా లాగకు, కొంచెం కొంచెంగా లాగు. కుడి పక్కనుండే కొండ గట్టుకి బండిని ఒరిపించు. రేకు పోతే పోనీ. బండిని చూసి జాలిపడకు అక్కా, అది ఇనుము.

డబ్బాలో ఆయిలు మళ్ళీ చూసి రాయి. ఎక్స్‌రే మొన్న తీశారు. బాగానే ఉందన్నారు.

పిల్‌గు

దోల్‌మోరు
4 సెప్టెంబరు

తమ్ముడూ,

నువ్వు నిజం చెప్పడం లేదు. నీ రాత చూశాను. "కొండ గట్టు" అన్న చోట అక్షరాలు వణికి గీత దాటిపోయాయి. నీది అచ్చులాంటి రాత. అమ్మకి చదువు రాకపోయినా కాగితం వేళ్ళతో తడిమి "వీడి చెయ్యి వణికిందే" అంది. నెత్తురు పడుతోందా? ఎక్స్‌రే బాగానే ఉందని ఒక్క ముక్కలో దాటేశావు. ఇంతవరకూ ఎప్పుడూ డాక్టరు మాటలన్నీ వరసపెట్టి రాసేవాడివి. అమ్మ రెండు రాత్రులుగా నిద్రపోలేదు, గోడవైపు తిరిగి పడుకుంటోంది. నాకు తెలుసు, అది నిద్ర కాదు.

బండి సంగతి. పై గీత దాకా నింపిన ఆయిలు సగం కంటే కిందికి పోయింది. ఎవరు తాగుతున్నారో! మళ్ళీ నింపాను, నీ డబ్బా ఖాళీ. లోడు లేకుండా పొలానికి తిప్పితే బాగానే పట్టుకుంటోంది. సంగ్‌చిల్ పార్సెల్ ఇంకా రాలేదు. ఆ వెనక చక్రం ఇంకా ఆరలేదు. ఈ ముసురుకి బట్టలే ఆరడం లేదు, చక్రం ఏమారుతుంది? పైగా కల్లు పులుపుకి కాబోలు, నువ్వు ముచ్చటపడి వేసిన ఎర్ర రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతోంది. "ఎందుకంత కుమ్మరించావే, రంగంతా పాడైంది" అని అమ్మ మీద అరిచాను. ఏ చక్రం అని కూడా అడగలేదు, మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. నీ గురించి దిగులుతో ఉన్న మనిషి మీద అరిచానని తర్వాత నాకే ఏడుపొచ్చింది.

10వ తేదీ శనివారం తెల్లారి క్యాబేజీ వేసుకుని దిగుతున్నాను. ఇక ఆగితే కుళ్ళిపోతుంది. అమ్మ కూడా వస్తానంటోంది, పండగ సామాను కొనాలట. నువ్వు చెప్పినట్టు టకటకా కొట్టుకుంటూ దిగుతాలే.

నిజం రాయి పిల్‌గూ. ఎంత చెడ్డదైనా సరే.

అక్క

మాసాన్
8 సెప్టెంబరు

అక్కా,

దిగొద్దు. దిగొద్దు. అమ్మని ఎక్కించొద్దు.

పౌర్ణమి 23న. నువ్వు రాసింది 4న. పన్నెండు రోజులు. ఎంత ముసురైనా కల్లు పన్నెండు రోజులు తడిగా ఉంటుందా? కల్లు ఎండితే జిగురవుతుంది, పుల్లగా కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. నువ్వు ఈగల మాట రాయలేదు. రంగు పెచ్చులు లేపేది కల్లు కాదు, బ్రేకు ఆయిలు. నేనే చెబుతాను ఎవరికైనా, రంగు మీద బ్రేకు ఆయిలు పడనివ్వకురా అని. నువ్వు రాస్తే చదివి ఊరుకున్నాను. డబ్బాలోంచి పోయిన ఆయిలు ఎక్కడికి పోతుంది, గాల్లోకా? ఆ చక్రంలోకే. కుడి షూలు ఆయిలులో నాని పట్టడం మానేశాయి, అందుకే బండి ఎడమకి లాగుతోంది. అన్నీ నా ముందు పెట్టావు. కల్లు అన్న ఒక్క మాట పట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

అమ్మని ఒక్కటి అడుగు, వెనక చక్రాలకి అసలు పోసిందా?

టకటకా కొట్టమన్నాను కదా. కొట్టకు. కొట్టినప్పుడల్లా ఉన్న ఆయిలంతా అక్కణ్ణుంచి బయటికి చిమ్ముతుంది. నా చేతులతో నేనే నిన్ను లోయలోకి తోసినట్టు ఉంది అక్కా. బరువుతో రెండు మలుపులు, అంతే, తర్వాత ఏమీ ఉండదు.

నా చెయ్యి వణికింది నెత్తురు పడి కాదు. ఆ నాలుగు వాక్యాలు రాస్తుంటే నువ్వు ఆ మలుపులో కనిపించావు. నా ఎక్స్‌రే నిజంగానే బాగుంది, మచ్చ చిన్నదైంది, చలికాలానికి పంపేస్తామన్నారు. నీ గొడవలో రాయడం మర్చిపోయాను.

ఈ ఉత్తరం శనివారం లోపు అందదు. ఫోను లేదు. కొండ దిగి పోస్టాఫీసుకి వెళ్ళి టెలిగ్రాం ఇస్తున్నాను. రేపు మధ్యాహ్నానికి చేరుతుందన్నారు. బతికాం.

పిల్‌గు

మాసాన్
10 సెప్టెంబరు

అక్కా,

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి ఆఫీసుకి ఫోను వచ్చిందట. ఆడ గొంతు. "పిల్‌గు ఉన్నాడా" అందట. ఉన్నాడు, వరండాలో కూర్చున్నాడు, పిలవనా అన్నారట. అవతల ఏడుపు వినిపించి ఫోను ఆగిపోయిందట. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏమీ చెప్పలేదు.

అది నువ్వేనా? నువ్వైతే ఎందుకు పెట్టేస్తావు? నువ్వు కాకపోతే ఎవరు? చో గారి భార్యా? నాకు చెప్పాల్సిన మాట నోట రాక పెట్టేసిందా? రాత్రంతా ఆ ఫోను ఎత్తిన గుమస్తాని నాలుగుసార్లు నిద్రలేపి అడిగాను, గొంతు ముసలిదా పడుచుదా, యాసేమిటి అని. చివరికి తలుపు వేసేసుకున్నాడు. ఇవాళ శనివారం. టెలిగ్రాం అందుంటే మీరు ఇంట్లో ఉన్నారు. అందకపోతే ఈపాటికి దిగేసుంటారు. ఇంకేమీ ఆలోచించలేకపోతున్నాను.

నన్ను బయటికి పంపడం లేదు. గేటు దగ్గర ఆపేశారు. ఒక్క ముక్క రాయి. ఎవరు బతికుంటే వాళ్ళు రాయండి.

పిల్‌గు

దోల్‌మోరు
14 సెప్టెంబరు

తమ్ముడూ,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళ ఒకేసారి వచ్చాయి. ఫోను చేసింది నేనే. ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతాను.

శుక్రవారం మధ్యాహ్నం. నేనూ అమ్మా చేలో క్యాబేజీ కోసి బండిలో వేస్తున్నాం, సగం నిండింది. మైకు గరగరమంది. చో గారి గొంతు. "బున్‌నే గారూ, మాసాన్ ఆసుపత్రి నుంచి మీకు టెలిగ్రాం వచ్చింది. వచ్చి తీసుకోండి." అంతే, మాన్‌బొక్ వాళ్ళమ్మకి చెప్పినట్టే.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వణికిన నీ రాత కళ్ళ ముందు తిరిగింది. చో గారింటికి పరిగెత్తబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు తెలీదు.

"ఆ కాగితం తీసుకోకు," అంది.

"చూడాలిగా అమ్మా."

"చదివితే వాడు పోయినట్టు. చదవకపోతే మనం వెళ్ళేదాకా ఉంటాడు. బండి తియ్యి."

తీశాను. ఏం చెయ్యను, నాకూ ఆ కాగితం ముట్టుకోవాలంటే భయం వేసింది. దించడానికి కూడా ఆగకుండా సగం లోడుతోనే బయల్దేరాం. చో గారింటి ముందునుంచి పోతుంటే ఆయన భార్య గేటు దాటి వచ్చి కాగితం ఊపుతూ వెనక పరిగెత్తింది. అద్దంలో చూశాను. ఆగలేదు పిల్‌గూ. నీ మాట నా వెనకాలే పరిగెత్తుకొస్తుంటే ఇంకా గట్టిగా తొక్కి పారిపోయాను.

మొదటి మలుపు బాగానే పట్టింది. రెండోదాంట్లో నువ్వు చెప్పినట్టు టకటకా కొట్టాను. మూడో మలుపుకి ముందు కాలు పెడితే కింద ఏమీ లేదు. పాత చెప్పు మీద కాలు పెట్టినట్టు నేలకి తగిలింది. మళ్ళీ తొక్కాను. నేలే. అమ్మ నా మొహం చూసి "ఏమైంది" అంది. ఏమీ లేదమ్మా, గట్టిగా పట్టుకో అన్నాను.

ఒకటో గేరుకి దింపాను, ఇంజను గావుకేక పెట్టింది. హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగాను. అది ఎడమకే లాగుతోంది, లోయవైపుకి. ఎదురుగా బస్సు వస్తే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. స్టీరింగు మీద పడి కుడికి తిప్పి గట్టుకి ఒరిపించాను. అద్దం పోయింది, తలుపు పోయింది, క్యాబేజీలు మా నెత్తి మీంచి ఎగిరి రోడ్డు మీద దొర్లుకుంటూ మాకంటే ముందు లోయలోకి దూకాయి. నోటితో ఒకటే మాట అంటున్నానట, అమ్మ చెప్పింది. "ఇది ఇనుము, ఇది ఇనుము" అని.

ఆగింది. ముందు చక్రం కాలవలో పడి ఆగింది. అమ్మ ఎడమ భుజం జారింది, నాకు పెదవి చిట్లింది. అంతే. ఒట్టు, అంతే.

దిగి చుట్టూ చూస్తుంటే అమ్మ వెనక చక్రం దగ్గర వంగి నిలబడింది. చక్రం లోపలినుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. "ఇదేమిటే?" అంది. నీ కల్లే కదా, మొన్న మొక్కి పోసిందే అన్నాను. అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"వెనక చక్రాలకి నేనెందుకు పోస్తానే? వెనక కోడిపెంట మోస్తారు కదా. దేవుడికిచ్చేది పెంట కింద పోస్తానా? నేను బండి కొన్ననాటినుంచీ ముందు రెండింటికే పోశాను."

నేను వసారాలోంచి చూశాను పిల్‌గూ. కూజా పట్టుకుని చుట్టూ తిరగడం చూశాను. పోయడం చూడలేదు. చూశానని నీకు రాశాను.

అమ్మ "పద" అంది. జారిన భుజంతో మూడు గంటలు నడిచింది. ఒక్కసారి కూడా కూర్చోలేదు. కనుమ కింద భోజన హోటల్‌లో ఫోను దొరికింది. నువ్వు ఉన్నావా అని అడిగాను. ఉన్నాడు, వరండాలో కూర్చున్నాడు, పిలవనా అన్నాడు ఆ మనిషి. వరండాలో కూర్చున్నాడట! ఎండకి కూర్చున్న పిల్లిలా! నాకు ఏడుపే వచ్చింది. పెట్టేశాను. అమ్మకి చెబితే అప్పుడు కూర్చుంది, హోటల్ గుమ్మంలో, నేల మీదే. అప్పుడు అరిచింది భుజం నొప్పి అని.

మర్నాడు ఊరికొచ్చాక టెలిగ్రాం చదివాను. "ట్రక్కు తీయొద్దు. చక్రం తడి కల్లు కాదు." అప్పటికే ఊరంతా చదివేసింది. ఆసుపత్రిలో కూడా కల్లు దొరుకుతుందా, తాగి పంపాడా అని అడుగుతున్నారు నన్ను. నవ్వాను. తర్వాత కొట్టంలోకి వెళ్ళి ఆ కాగితం మళ్ళీ చదివాను. నా మీద నాకే భయం వేసింది.

నిన్ను తప్పుపట్టడం లేదు, నువ్వూ తప్పుపట్టుకోకు. బండి కాంగ్‌నుంగ్ షాపులో ఉంది, నువ్వొచ్చి విప్పేదాకా అక్కడే ఉంటుంది. మిగిలిన క్యాబేజీకి చో గారు తన బండి ఇచ్చాడు.

మేం బతికున్నామని నీకు వెంటనే తెలియాలని ఇవాళ పోస్టాఫీసు దాకా వెళ్ళాను. ఫోనంటే మళ్ళీ ఏడుపే వస్తుందని టెలిగ్రాం ఫారం తీసుకున్నాను. నీ పేరు రాశాను. ఆ గుమస్తా వరండాలోకి వచ్చి "పిల్‌గూ, నీకు టెలిగ్రాం" అంటాడు. నువ్వు విప్పేలోపు ఆ ఒక్క క్షణం నాకు తెలుసు. ఫారం చింపేసి వెనక్కి వచ్చాను. అందుకే ఈ ఉత్తరం. ఇంకో నాలుగు రోజులు నువ్వు మా సంగతి తెలియక అలాగే ఉంటావని తెలిసే రాస్తున్నాను.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. "కవరు విప్పేలోపు కూడా వాడు చచ్చిపోతాడే, పైనే రాయి" అంది. చదువు రాని మనిషి, పక్కన కూర్చుని ప్రతి అక్షరం వేలితో తడిమి చూసింది. అందుకే నీ పేరు కంటే పెద్దగా, కవరు మీద, అడ్డంగా రాశాను. ఇద్దరం ఉన్నాం అని. పోస్టుమాన్ చదువుకున్నా పర్వాలేదు.

అక్క బున్‌నే